ఒక్క వేలి బ్రేకు

కోటయ్య ఎడమ చేతికి మిగిలినవి బొటనవేలూ చూపుడువేలూ మాత్రమే. మిగతా మూడూ తొమ్మిదేళ్ళ కిందట సముద్రం మీద పోయాయి. మరబోటులో వల తాడును చుట్టి లాగే యంత్రం ఉంటుంది, దాన్ని వించి అంటారు. కొత్త వించి బోటెక్కి వారం కాలేదు. తడి తాడు చుట్టుకుంటూ వచ్చి అతని చేతి తొడుగును పట్టుకుంది. తొడుగు బయటికి వచ్చింది, వేళ్ళు రాలేదు.

బోటు యజమాని ఆసుపత్రికి బత్తాయిలు పట్టుకొచ్చాడు. "ఒంటి చేత్తో వలేం లాగుతావులే కోటయ్యా, ఒడ్డున ఏదన్నా చూసుకో" అని చెప్పి, కూర్చోకుండానే వెళ్ళిపోయాడు. పన్నెండో ఏట బోటెక్కినవాడికి ఒడ్డున ఏముంటుంది? అయినా కోటయ్య చూసుకున్నాడు. నిజాంపట్నం నుంచి కాపురం రేపల్లెకి మార్చాడు. తెల్లారేసరికి హార్బరు నుంచి వ్యానులో వచ్చే చేపలు కొని, ఐసు పెట్టెలో సర్ది, సైకిలు వెనక కట్టుకుని కాలవగట్టు పల్లెలు తిరిగి అమ్మడం మొదలుపెట్టాడు.

అతని భార్య అనసూయది వాడరేవు. వాళ్ళ పుట్టింట్లో ఒక పద్ధతి ఉంది. బోటు మీదికి ఏ కొత్త ఇనుప వస్తువు వచ్చినా ఇంటి ఆడది నువ్వుల నూనెలో పసుపు మెదిపి దానికి అయిదు బొట్లు పెట్టాలి, పైన కుంకుమ అద్దాలి. నీళ్ళలో కలిపిన పసుపు ఉప్పునీటికి నిలవదని నూనె. ఆ వించి వచ్చిన రోజున తల్లికి జబ్బుగా ఉందని అనసూయ వాడరేవు వెళ్ళింది. మగాళ్ళు అగరొత్తులు వెలిగించారు, కొబ్బరికాయ కొట్టారు, ముక్కలు తిన్నారు. ముక్కలు తినడం మాత్రం ఎప్పుడూ మర్చిపోరు. పసుపు సంగతి ఒక్కడికీ గుర్తు రాలేదు.

అనసూయ దాని గురించి తొమ్మిదేళ్ళలో ఒక్కసారే నోరు విప్పింది. కోటయ్య చొక్కా బొత్తాం పెట్టుకోలేక అవస్థ పడుతుంటే దగ్గరికొచ్చి పెడుతూ, "ఆరోజు నేనుంటే ఇయ్యి ఉండేయి" అంది. కోటయ్య ఏమీ అనలేదు. నీ తప్పేముందే పిచ్చిదానా అని ఒక్క మాట అంటే సరిపోయేది. మాట్లాడాల్సినప్పుడు మాట్లాడకపోవడమే అతని పెద్ద జబ్బు. వేళ్ళు పోకముందు నుంచీ ఉంది.

మామూలు సైకిలు కాలవగట్టు బురదలో కూరుకుపోతోందని, బాపట్లలో చదువు ముగించి ఊరెళ్ళిపోతున్న ఒక ఇంజనీరింగ్ విద్యార్థి దగ్గర కోటయ్య గేర్ల సైకిలు కొన్నాడు. కొండలెక్కే సైకిలట. రేపల్లె చుట్టుపక్కల కొండ అంటే రైసుమిల్లుల వెనక పోసిన ఊక గుట్టే. కానీ దాని లావు టైర్లు బురదని లెక్క చెయ్యలేదు. చక్రం మధ్యలో చిల్లుల పళ్ళెం లాంటి డిస్కు ఉంటుంది. బ్రేకు నొక్కితే ఆ డిస్కును రెండు వైపుల నుంచీ చిన్న ప్యాడ్లు పట్టుకుంటాయి. నొక్కిన నొక్కును అక్కడిదాకా లాక్కెళ్ళేది మాత్రం సన్నటి ఇనప తీగ. చేపల పెట్టెలోంచి ఉప్పునీళ్ళు కారి కారి ఏడాది తిరిగేసరికి ఆ తీగ గొట్టంలోనే తుప్పు పట్టింది. అయిదు వేళ్ళున్న చేతికే బలం చాలని బ్రేకు, ఒక్క వేలికి ఏం లొంగుతుంది?

లొంగని సంగతి వానాకాలంలో తెలిసింది.

కాలవ మీద నడుమెత్తిన పాత వంతెన ఒకటుంది. దిగగానే పల్లె. దిగేచోట ఎడమ పక్క సిమెంటు దిమ్మె మీద రోజూ పొద్దున్నే మార్కు కూర్చుని ఉంటాడు. డెబ్బై దాటాయి, రెండు కళ్ళకీ పొర కమ్మి మనుషులు నీడల్లా కనిపిస్తారు. కోటయ్య మొదట్లో ఆ పల్లెకు వచ్చినప్పుడు అతని చెయ్యి చూసి ఆడవాళ్ళు మొహాలు తిప్పుకున్నారు. ఆ చేత్తో తాకిన చేప తినాలా అన్న ఆవిడ కూడా ఉంది. అప్పుడు మార్కు తడుముకుంటూ వచ్చి పెట్టెలో చెయ్యి పెట్టి, ఒక కొయ్యింగ చేప మొప్ప కింద వేలు దూర్చి చూసి, "తాజాగానే ఉందే! నీ చెయ్యి నాకెటూ కనపడదు కాబట్టి నీతో నాకేం పేచీ లేదురా అబ్బాయ్" అన్నాడు. అందరూ నవ్వారు. ఆ రోజు పెట్టె ఖాళీ అయింది. అప్పటి నుంచి వంతెన మీద బెల్లు వినిపించగానే గిన్నె పట్టుకుని లేచి రోడ్డు మధ్యకి రావడం మార్కు హక్కు. మొదటి చేప ఆయనదే.

ఆ వానరోజున కోటయ్య బెల్లు కొట్టాడు. మార్కు లేచి వచ్చాడు. కోటయ్య రెండు బ్రేకులూ నొక్కాడు. సైకిలు ఆగలేదు. కాళ్ళు నేలకి ఈడ్చి, చెప్పులు అరగదీసుకుని ఎలాగో ఆపేసరికి ముందు చక్రం మార్కు రెండు మోకాళ్ళ మధ్య ఉంది. పంచె అంచు చువ్వల్లో చిక్కుకుంది.

"ఏంట్రా, చేప తెచ్చావా, నన్నే పట్టుకుపోదామని వచ్చావా?" అని మార్కు నవ్వాడు.

గుమ్మంలోంచి ఆయన కోడలు క్రిస్టినా పరుగెత్తుకొచ్చింది. ఆమె భర్త హైదరాబాదులో కూలి పనిలో ఉన్నాడు. ఇంట్లో ఉన్నది ఆమె, ఈ మామ. క్రిస్టినా నవ్వలేదు. చువ్వల్లోంచి పంచె విడదీస్తూ, "అన్నా, నువ్వు మంచోడివే. కానీ నీ బండి ఆగేది కాదు. ఆగే బండి తెచ్చుకునేదాకా ఈ వంతెన దిగమాక" అంది.

"నడిపించుకుని దిగుతాలేమ్మా" అన్నాడు కోటయ్య.

"నలభై కిలోల పెట్టెతో, ఆ చేత్తో! అదీ చూద్దాం."

ఆమె అన్నది నిజమే. మర్నాడు నడిపించుకుని దిగబోతే పెట్టె బరువుకి సైకిలే అతన్ని ఈడ్చుకుపోయింది. ఎక్కి దిగినా నడిచి దిగినా బ్రేకు కావాల్సిందే. నాలుగు రోజులు ఆ పల్లెకు వెళ్ళడం మానేశాడు. ఆ నాలుగు రోజులూ మార్కు గిన్నె పట్టుకుని దిమ్మె మీద కూర్చునే ఉన్నాడని ఎవరో చెప్పారు. అయిదో రోజున కోటయ్య సైకిలుతో రైలెక్కి తెనాలి వెళ్ళాడు.

తెనాలిలో వీరబ్రహ్మం సైకిలు షాపు చిన్నది. మనిషి మాత్రం పెద్ద పనివాడు, నోరు ఇంకా పెద్దది. కోటయ్య చేతిని తిప్పి తిప్పి చూశాడు, సైకిలును చూశాడు.

"ఈ తీగలు ఎన్నిసార్లు మార్చినా ఆ ఉప్పుకి మళ్ళీ ఇంతే. నీకు ఆయిల్ బ్రేకు కావాలి. గొట్టంలో తీగ ఉండదు, ఆయిల్ ఉంటది. ఉప్పు లోపలికి పోదు. ఒక్క వేలితో నొక్కితే చాలు."

"ధర బాగా ఉంటదంటగదండీ?"

"ఉంటది. కార్లు కొనేవాళ్ళ ధరలూ ఉన్నయ్, చేపలమ్మేవాళ్ళ ధరలూ ఉన్నయ్."

అని మూడు పెట్టెలు బల్ల మీద పెట్టాడు. ఒకటి ఎవరిదో విరిగిన సైకిలు నుంచి విప్పిన పాత సెట్టు. కంపెనీ మంచిదే, కానీ లోపల ఏ ఆయిల్ పోశారో తెలియదు. ఒకదానికి పోసేది ఇంకోదానికి పోస్తే లోపలి రబ్బర్లు ఉబ్బి చస్తాయన్నాడు. రెండోది ఫోనులో బుక్ చేస్తే వచ్చే పేరు లేని రకం. అన్నిటికంటే చవక, కానీ ప్యాడ్లు అరిగితే మళ్ళీ దొరకవు. మూడోది తెలిసిన కంపెనీలో అన్నిటికంటే కింది రకం. అందం లేదు, తళుకు లేదు, ప్యాడ్లు తెనాలిలోనే దొరుకుతాయి.

కోటయ్య అరలో ఉన్న ఇంకో పెట్టె వైపు వేలు చూపించాడు. "అది తక్కువేగదండీ?"

"అది సగం సగం. చక్రం దగ్గర ఆయిల్, చెయ్యి దగ్గర తీగ. నీ శత్రువు తీగే అయితే దాన్ని మళ్ళీ ఇంటికి పిలుచుకుపోతావా?"

కోటయ్య మూడోదే తీసుకున్నాడు. అయితే తెచ్చిన డబ్బు ఒక్క చక్రానికే వస్తుంది. ఏ చక్రానికి? వెనకదానికే అన్నాడు. ముందు బ్రేకు గట్టిగా పడితే పల్టీ కొడతారని చిన్నప్పటి నుంచీ విన్నమాట.

"వెనక అంత బరువు పెట్టుకుని నువ్వెక్కడ పల్టీ కొడతావయ్యా! పల్లంలో బండిని నిజంగా ఆపేది ముందు చక్రమే. కొత్తది డిస్కుతో సహా ముందుకి బిగించి, దాని లివరు నీ ఎడమ చేతికిస్తా. వెనక తీగ మారుస్తా, అది నీ కుడిచేతి బలానికి సరిపోద్ది."

ఇంతకాలానికి తన చేతిని చూసి జాలిపడకుండా, దాన్ని ఒక లెక్కలోకి తీసుకుని మాట్లాడినవాడు దొరికాడని కోటయ్యకి అనిపించింది. బిగించాక షాపు ముందు సందులో తొక్కి చూశాడు. ఒక్క వేలు ఆనించాడు. సైకిలు నిలబడిపోయింది. నలభై ఎనిమిదేళ్ళ మనిషి సందు చివరిదాకా ఆరుసార్లు వెళ్ళి ఆరుసార్లు ఆగి వచ్చాడు.

బయల్దేరేటప్పుడు వీరబ్రహ్మం డిస్కు చూపించి చెప్పాడు. "ఈ పళ్ళేనికి నూనె తగలకూడదు. వేలి జిడ్డు కూడా తగలకూడదు. తగిలిందా, ప్యాడ్లు తాగేస్తయ్, ఇంక పట్టవు. కొత్తది కాబట్టి రెండ్రోజులు కాస్త అరుస్తది, పట్టు మెల్లగా పెరుగుద్ది, కంగారుపడమాక."

కోటయ్య రెండు మాటలూ విన్నాడు. ఇంటికి వెళ్ళి అనసూయకి ఒక్కటి కూడా చెప్పలేదు. "కొత్త బ్రేకు" అన్నాడు, భోంచేశాడు, పడుకున్నాడు.

అనసూయ పడుకోలేదు. సైకిలు పాతదే, దానికి పసుపు ఎప్పుడో పెట్టింది. కొత్తగా వచ్చిన ఇనుము ఏదో లాంతరు పెట్టి వెతికింది. చక్రం మధ్యలో తళతళలాడుతున్నది కొత్త డిస్కు ఒక్కటే. తల్లి నేర్పినట్టే నువ్వుల నూనెలో పసుపు మెదిపింది. డిస్కుకు ఇటు అయిదు, అటు అయిదు బొట్లు పెట్టింది, కుంకుమ అద్దింది. తొమ్మిదేళ్ళ కిందట తప్పిపోయిన పని ఇవాళ చేతికి అందిందనుకుని కళ్ళు తుడుచుకుంది.

తెల్లారుజామున పెట్టె కట్టుకోబోయిన కోటయ్యకి ఆ బొట్లు కనిపించాయి. వీరబ్రహ్మం మాట చెవిలో మోగింది. ప్యాడ్లు విప్పాలి, డిస్కు సబ్బుతో రుద్ది కడగాలి. కడిగితే అనసూయ చూస్తుంది. చూస్తే ఆమె మొహం ఏమవుతుందో అతనికి తెలుసు. ఆమె వంటింట్లో టీ కాస్తోంది. ఏదో పాట కూడా కూనిరాగం తీస్తోంది, ఆ ఇంట్లో అది విని ఎన్నాళ్ళయిందో.

కోటయ్య భుజం మీది తువ్వాలు తీసి గబగబా డిస్కు తుడిచేశాడు. చేపల తువ్వాలు. బొట్లు పోయాయి. బొట్లలో ఉన్న నూనె పళ్ళెమంతా సమానంగా పరుచుకుంది. పసుపు కనపడకపోతే చాలనుకున్నాడు. పెద్దపెద్ద కొంపలు మునిగేది ఇలా తువ్వాలుతో తుడిచిన చిన్నచిన్న పనులకే.

"తుడిచేశావేంటి?" అంది అనసూయ, టీ గ్లాసు అందిస్తూ.

"చక్రంలో పడుద్దని. పెట్టావుగా, చాల్లే."

ఆమె సరేనంది.

రైలు గేటు దగ్గర నొక్కాడు. కీచుమని అరిచింది, జారింది. కుడిచేతి బ్రేకుతో ఆపాడు. రెండ్రోజులు అరుస్తదన్నాడుగా అనుకున్నాడు. నూనె చేస్తున్న పనిని కొత్తదనం మీదికి నెట్టేశాడు. మనిషికి ఏది నమ్మితే సుఖమో అదే గుర్తొస్తుంది. కాలవగట్టు మీద ఇంకోసారి నొక్కాడు. ఈసారి అరవను కూడా అరవలేదు.

వంతెన ఎక్కాక సైకిలు దిగి నిలబడ్డాడు. అవతల పల్లె, దిమ్మె మీద తెల్లటి బనీను. బిందెలతో వస్తున్న ఇద్దరు ఆడవాళ్ళు అతన్ని చూసి, "కోటయ్యా, బండి బాగుచేయించావంటగా! మార్కు బాబాయి రోజూ నీ గురించే అడుగుతన్నాడు" అన్నారు. రెండు వేల పైచిలుకు పోసి బ్రేకు వేయించుకుని, వాళ్ళ ఎదుట ఇంకా భయపడుతూ నిలబడడానికి అతనికి మొహం చెల్లలేదు. సైకిలెక్కాడు. అలవాటు కొద్దీ బెల్లు కొట్టాడు.

మార్కు లేచాడు. గిన్నె పట్టుకుని, రోజూ నడిచే ఆరు అడుగులూ నడిచి రోడ్డు మధ్యకి వచ్చాడు.

కోటయ్య ఒక్క వేలితో నొక్కాడు. లివరు గట్టిగానే ఉంది. చక్రం మాత్రం పట్టించుకోలేదు. కుడిచేత్తో బలమంతా పెట్టాడు. వెనక చక్రం ఈడ్చుకుంటూ పక్కకి జారింది. "బాబాయ్, తప్పుకో!" అని అరిచాడు. కళ్ళున్నవాడికి ఎటు తప్పుకోవాలో తెలుస్తుంది. మార్కు గొంతు వినిపించిన వైపే మొహం తిప్పి, ఏంట్రా అన్నట్టు నిలబడ్డాడు. కోటయ్య హ్యాండిలు దిమ్మె వైపు తిప్పేశాడు. చక్రం మార్కును తప్పించింది. వెనకున్న పెట్టె తప్పించలేదు. నలభై కిలోల చేపలూ ఐసూ తిరిగొచ్చి ముసలాయన నడుముకి తగిలాయి.

చేపలు రోడ్డంతా పడ్డాయి. గిన్నె దొర్లుకుంటూ కాలవలో పడింది. ఆ చప్పుడుకే క్రిస్టినా బయటికి వచ్చింది.

కోటయ్యకి మోచెయ్యి చీరుకుపోయింది, అంతే. అంతకంటే ఎక్కువ తగిలి ఉంటే బావుండేదని తర్వాత చాలాసార్లు అనుకున్నాడు. మార్కు తుంటి ఎముక విరిగింది. తెనాలి ఆసుపత్రిలో పందొమ్మిది రోజులున్నాడు. కోటయ్య రోజూ మొదటి రైలుకి వెళ్ళేవాడు. తొమ్మిదో రోజున మార్కు, "కొత్త బ్రేకన్నారు, పట్టలేదేంట్రా?" అని అడిగాడు. కోపంగా కాదు, తెలుసుకుందామని. కోటయ్య మంచం కోడు పట్టుకుని నిలబడ్డాడు. ఆ రోజు కూడా నోరు పెగల్లేదు. రేపు చెబుదామనుకున్నాడు. పదో రోజు నుంచి మార్కుకి జ్వరం, మాటలో తేడా. ఊపిరితిత్తులకి నెమ్ము చేసిందన్నారు. పందొమ్మిదో రోజున మార్కు పోయాడు. చెప్పడానికి రేపు మిగల్లేదు.

సమాధి అయిన మూడోనాడు కోటయ్య సైకిలును రైలెక్కించి వీరబ్రహ్మం దగ్గరికి తీసుకెళ్ళాడు. అనసూయ కూడా వెంట వచ్చింది. చెడ్డ సరుకు అంటగట్టినవాణ్ణి నాలుగు దులపాలని ఆమె వచ్చింది.

"ఏమయ్యా, ఒక్క వేలితో ఆగుద్దన్నావంట! నిండు మనిషి పోయాడు. మా ఆయన నోరులేనోడని పనికిరాని సరుకంతా మాకు అమ్ముతావా?"

వీరబ్రహ్మం స్పానరు అందుకున్నాడు. ప్యాడ్లు విప్పాడు. వెలుతురులో పట్టుకుని చూశాడు, వాసన చూశాడు. నల్లగా ఉండాల్సిన అంచుల్లో పచ్చటి జిడ్డు.

"నూనె. పసుపు. ఎవరమ్మా రాసింది?"

అనసూయ వంగి ఆ జిడ్డును చూసింది.

"నేనే" అన్నాడు కోటయ్య.

ఆమె మొగుడి వైపు తిరిగింది. ఒక్క క్షణం పట్టింది ఆమెకి మొత్తం అర్థం కావడానికి. తెల్లారుజామున తువ్వాలు, చక్రంలో పడుద్దన్న అబద్ధం, అన్నీ.

"నూనె తగలకూడదని నీకు తెలుసా?"

"తెలుసు."

"బొట్లు చూశాకే తుడిచావు."

"ఊఁ."

"ఎందుకు చెప్పలేదు?"

కోటయ్య రెండు వేళ్ళ చేతిని చూసుకుంటూ, "నువ్వప్పుడు పాడుతున్నావే" అన్నాడు.

అనసూయ అతన్ని కొట్టడానికి చెయ్యెత్తింది. కొట్టలేదు. "నా చేత్తో చేసిన తప్పు మొయ్యడానికి నాకు బలం లేదనుకున్నావా? మొన్నటిదాకా మూడు వేళ్ళు మోశాను. ఇప్పుడు ఒక మనిషిని మొయ్యమంటావు, అదీ నాకు చెప్పకుండా" అంది. ఆ తర్వాత షాపు అరుగు మీద కూలబడి ఏడ్చింది. వీరబ్రహ్మం కొత్త ప్యాడ్లు వేసి, డిస్కును స్పిరిట్‌తో కడిగి, కూలి తీసుకోనన్నాడు. అనసూయ ఊరుకోలేదు, బల్ల మీద పెట్టే లేచింది.

ఆ సాయంత్రమే ఇద్దరూ క్రిస్టినా ఇంటికి వెళ్ళారు. గుమ్మంలో నిలబడి అనసూయ "నేను నూనె రాశానమ్మా" అంది. కోటయ్య "నేను చూసి కూడా ఎక్కానమ్మా" అన్నాడు. ఆమె తప్పేం లేదని అతనూ, అతనికేం తెలియదని ఆమే, ఒకరి మాటకి ఒకరు అడ్డుపడ్డారు.

క్రిస్టినా చేటలో బియ్యం చెరుగుతోంది. చెరగడం ఆపలేదు.

"ఎవరిదెంతో మీ ఇంట్లో తేల్చుకోండి. ఆసుపత్రిలో మాట ఉన్నన్నాళ్ళూ మా మావ నన్ను ఒకటే అడిగాడు, ఆడి బ్రేకు ఎందుకు పట్టలేదమ్మా అని. నాకేం తెలుసు? నీకు తెలుసు. పక్కనే నిలబడి ఉన్నావు. అది నేను మర్చిపోనన్నా."

కోటయ్య తల దించుకున్నాడు. ఆమె చేట పక్కన పెట్టి లేచింది.

"అమ్ముకోవడం మానుకోమనను, నీ పొట్ట కొట్టడం నాకెందుకు? కానీ మా వంతెన మీద ఆ బెల్లు కొట్టమాక."

కోటయ్య ఇప్పుడూ ఆ పల్లెకు వస్తాడు. అనసూయ కూడా వస్తుంది. వంతెన ఎక్కాక ఇద్దరూ చెరో వైపు పట్టుకుని సైకిలును నడిపించుకుని దిగుతారు. అతను ఒక్క వేలు లివరు మీద ఆనిస్తాడు, బ్రేకు గట్టిగా పడుతుంది, ఎంత బరువైనా అంగుళం కూడా జారదు. దిమ్మె దాటాక ఆగుతారు. బెల్లు ఉండదు, కేక ఉండదు. చూసినవాళ్ళు వచ్చి కొనుక్కుంటారు. మొదటి చేప ఎవరూ అడగరు, అతనూ ఎవరికీ ముందు ఇవ్వడు. క్రిస్టినా తలుపు వేసే ఉంటుంది.